ప్రమాణ వాక్యం

ఎన్నికలు ముగిసి కొత్త శాసనసభ కొలువుదీరిన తొలినాడు సభ్యులు ఒకరి తరువాత ఒకరుగా లేచి వచ్చి ప్రమాణ స్వీకారం చేస్తారు. ఆ వాక్యం అందరికీ ఒక్కటే. రాజ్యాంగం పట్ల నిజమైన విశ్వాసం, విధేయత చూపుతామనీ, దేశ సార్వభౌమాధికారాన్నీ సమగ్రతనూ కాపాడుతామనీ, చేపట్టబోయే విధులను శ్రద్ధతో నిర్వర్తిస్తామనీ దాని సారాంశం. అయితే ఆ వాక్యంలో ఒకచోట మాత్రం దారి రెండుగా చీలుతుంది. అధిక సంఖ్యాకులు ‘దైవసాక్షిగా’ అంటారు. కొందరు ఆ మాట అనకుండా ‘ఆత్మసాక్షిగా’ అనో, ‘మనస్సాక్షిగా’ అనో పలికి ముందుకు సాగుతారు. రాజ్యాంగం మూడవ షెడ్యూలులో ఈ రెండు మార్గాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఏది ఎంచుకొన్నా సభ్యత్వానికి లోటు లేదు. సభలో ఎవరూ దానిని గురించి ప్రశ్నించరు. ఈ చీలిక ఏనాడో ఒక గుమాస్తా కాగితం మీద గీసిన గీత కాదు. దాని వెనుక ఒక మనిషి చెరసాల ఉన్నది, ఒక అధ్యాపకుని జీవనోపాధి ఉన్నది, ఒక యువతి పెళ్ళి ఉన్నది.

ముందుగా మాటల సంగతి. దేవుణ్ణి నమ్మేవాడు ఆస్తికుడు, నమ్మనివాడు నాస్తికుడు అని నేడు మనం వాడుతున్న అర్థం సంస్కృత భాషలో మొదటి నుంచీ ఉన్నది కాదు. ‘ఉన్నది’ అనే బుద్ధి కలవాడు ఆస్తికుడు, ‘లేదు’ అనే బుద్ధి కలవాడు నాస్తికుడు అని పాణిని సూత్రం. ఉన్నదీ లేనిదీ ఏమిటి అంటే, పరలోకం అని వ్యాఖ్యాతలు వివరించారు. మనుస్మృతికి వేదనిందకుడే నాస్తికుడు. సృష్టికర్త అయిన ఈశ్వరుణ్ణి ప్రతిపాదించకపోయినా, వేదాన్ని అంగీకరించినందువల్ల ప్రాచీన సాంఖ్యులూ, మీమాంసకులూ ఆస్తిక వర్గంలోనే కూర్చున్నారు. వాల్మీకి రామాయణంలో జాబాలి అనే బ్రాహ్మణుడు అడవిలో ఉన్న రాముని వద్దకు వచ్చి, పరలోకం లేదు, తండ్రికిచ్చిన మాట పట్టుకొని కష్టపడటం వ్యర్థం, రాజ్యం ఏలుకొమ్మని హితవు చెపుతాడు. రాముడు కోపించిన మాట నిజమే. కాని అతని సమాధానం ప్రధానంగా సత్యాన్ని గురించినది. లోకంలో సత్యమే ఈశ్వరుడు, అన్నింటికీ మూలం అదే అని అతడు చెప్పిన మాటకు ఈ పాఠంలో మరల పని పడుతుంది.

న్యాయస్థానంలో సాక్షి చేసే ప్రమాణానిది కూడా ఇటువంటి చరిత్రే. ఒకప్పుడు హిందువుల చేత గంగాజలం పట్టించి, ముస్లింల చేత ఖురాన్ పట్టించి ప్రమాణం చేయించేవారు. ఈ పద్ధతిని కంపెనీ ప్రభుత్వం 1840లో చట్టం ద్వారా తొలగించింది. ఆపై 1873లో మరొక చట్టం వచ్చింది. నేడు అమలులో ఉన్నది 1969 నాటి ప్రమాణాల చట్టం. దీని ప్రకారం సాక్షి భగవంతుని పేర ప్రమాణం చేయవచ్చు, లేదా ఆ పేరు తీయకుండా సత్యమే పలుకుతానని దృఢంగా ప్రకటించవచ్చు. సినిమాలలో సాక్షి భగవద్గీత మీద చేయి వేసి పలికే దృశ్యం మనకు చిరపరిచితం. అయితే ఈ చట్టం నిర్దేశించిన ప్రమాణ పాఠంలో ఏ గ్రంథం ప్రసక్తీ లేదు. సినిమా చూసి న్యాయశాస్త్రం నేర్చుకోరాదు కదా!

ప్రమాణం దేనికి? చెప్పే మాట నిజమని ఎదుటివారిని నమ్మించడానికి. పై నుంచి చూస్తున్న దైవం ఒకటి ఉన్నదనీ, అబద్ధమాడితే దండిస్తుందనీ నమ్మినవాని నోట దైవసాక్షి అనే మాటకు బరువుంటుంది. ఆ నమ్మకం లేనివాని చేత అదే మాట పలికించామనుకోండి. సత్యమే చెపుతానంటూ అతడు ఆడిన మొదటి మాటే అబద్ధమవుతుంది. అబద్ధానికి జంకనివానికి ఈ ప్రమాణం అడ్డు కాదు. అడ్డు పడేది తాను నమ్మని మాట పలకలేనివానికే. ఈ వైపరీత్యం ఇంగ్లండులో 19వ శతాబ్దపు చివరి భాగంలో అందరి కళ్ళకూ కట్టింది.

చార్లెస్ బ్రాడ్లా అనే ఆంగ్లేయుడు పేరుమోసిన నాస్తికుడు. 1880లో నార్తాంప్టన్ పట్టణ ఓటర్లు ఆయనను పార్లమెంటుకు ఎన్నుకొన్నారు. దేవుని పేర ప్రమాణానికి బదులుగా మామూలు మాటలతో ధ్రువీకరించేందుకు అనుమతించమని ఆయన కోరాడు. అందుకు వీలులేదన్నారు. సరే, మీరు చెప్పిన ప్రమాణమే చేస్తానన్నాడు. ఆ మాటలకు నీ దృష్టిలో అర్థం లేదు కనుక నీ ప్రమాణం చెల్లదన్నారు! ఇటు పోతే నుయ్యి, అటు పోతే గొయ్యి. సభను విడిచిపోవడానికి నిరాకరించినందుకు ఆయనను పార్లమెంటు భవనపు గడియార స్తంభంలోని గదిలో ఒక రాత్రి నిర్బంధించారు. స్థానం ఖాళీ అయినప్పుడల్లా నార్తాంప్టన్ ప్రజలు మళ్ళీ మళ్ళీ ఆయననే గెలిపించారు. వారందరూ నాస్తికులు కారు. తమ ప్రతినిధి ఎవరో తేల్చవలసింది తామే అన్నది వారి పట్టుదల. చివరకు 1886 జనవరిలో కొత్త సభాపతి ఎవరి అభ్యంతరాన్నీ లెక్కచేయక ఆయన చేత ప్రమాణం చేయించాడు. రెండేళ్ళ తరువాత, 1888లో, కోరుకొన్నవారు దేవుని పేరు లేకుండానే ధ్రువీకరించవచ్చునన్న చట్టం బ్రాడ్లా చొరవతోనే వచ్చింది. ఆయన మన దేశానికి మిత్రుడు కూడా. 1889లో బొంబాయిలో జరిగిన కాంగ్రెసు మహాసభకు వచ్చాడు. భారతదేశపు సభ్యుడు అని ఆయనకు బిరుదు వంటి పేరుండేది. ఆయన 1891 జనవరి 30న మరణించాడు.

వోకింగ్ శ్మశానవాటికలో జరిగిన ఆయన అంత్యక్రియలకు లండనులోని భారతీయ విద్యార్థులు చాలామంది వెళ్ళారు. వారిలో న్యాయశాస్త్రం చదువుతున్న ఇరవై యొక్క ఏళ్ళ మోహన్‌దాస్ గాంధీ ఒకడు. తిరుగు ప్రయాణంలో రైల్వే స్టేషనులో ఒక నాస్తికుడు ఒక క్రైస్తవ మతాచార్యుణ్ణి పట్టుకొని, భూమి చుట్టుకొలత ఇంత కదా, మరి మీ దేవుని కొలత ఎంత, ఆయన నివాసం ఎక్కడ అని నిలదీశాడు. ఆయన నీ హృదయంలోనూ నా హృదయంలోనూ ఉన్నాడని ఆచార్యుడు నెమ్మదిగా జవాబిచ్చాడు. గెలిచానన్న ధీమాతో నాస్తికుడు జనం వైపు చూశాడు. ఈ సంభాషణ విన్న తరువాత నాస్తికత్వం పట్ల తనకున్న విముఖత మరింత పెరిగిందని గాంధీజీ తన ఆత్మకథలో వ్రాసుకొన్నారు. ఎదుటివాని నమ్మకాన్ని ఎగతాళి చేయడం వల్ల ఒరిగే లాభం ఎంతో ఈ ఉదంతమే చెపుతున్నది.

అయినా బ్రాడ్లాను ఆయన మరచిపోలేదు. 1931 డిసెంబరులో, రౌండ్ టేబుల్ సమావేశం ముగిసి స్వదేశానికి తిరిగి వస్తూ, స్విట్జర్లాండులోని లాసాన్ నగరంలో ఒక సభలో మాట్లాడారు. దేవుడే సత్యం అని అంతకుముందు అనేవాడిననీ, రెండేళ్ళ నుంచి సత్యమే దేవుడు అంటున్నాననీ అక్కడ వివరించారు. రెండు వాక్యాలలో ఉన్న పదాలు అవే. స్థానాలు మారాయి. మారగానే అర్థం ఎంతో విశాలమైంది. దేవుడు లేడనేవాడు ఉండవచ్చు గాని, సత్యం లేదని వాదించేవాడు కూడా ఆ వాదం సత్యమనే కదా అంటాడు! బ్రాడ్లా తనను తాను నాస్తికుడని చెప్పుకొన్నా తాను మాత్రం ఆయనను దైవభీతి కలవానిగానే భావిస్తానని గాంధీజీ అదే సభలో అన్నారు. ఈ ప్రశంసకు బ్రాడ్లా సంతోషించి ఉండేవాడో, వాదనకు దిగి ఉండేవాడో! నమ్మనివానిలోని మంచిని తన నమ్మకం ఖాతాలో జమ వేసుకోవడం ఆస్తికులకు సహజమైన అలవాటు. ఆ అలవాటును కూడా దాటవలసిన అవసరాన్ని గాంధీజీకి కల్పించినవాడు ఒక తెలుగువాడు.

ఆయన గోపరాజు రామచంద్రరావు. లోకానికి గోరా. 1902లో జన్మించారు. వృక్షశాస్త్రం చదివి కళాశాలలలో బోధించారు. సనాతన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, యజ్ఞోపవీతాన్ని విసర్జించినందుకు తండ్రి ఇల్లు విడిచి పోవలసి వచ్చింది. నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడలోనూ, 1939లో మచిలీపట్నంలోనూ అధ్యాపక పదవులను కోల్పోయారు. ఆయన పాఠం సరిగా చెప్పడం లేదని ఎవరూ అనలేదు. మొక్కలను గురించి చెప్పవలసిన మనిషి దేవుణ్ణి గురించి ఏమనుకొంటున్నాడన్నదే పైవారి బాధ. 1940లో కృష్ణా జిల్లా ముదునూరు గ్రామానికి చేరి అక్కడ నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. 1947లో అది విజయవాడ పటమటకు తరలివచ్చింది.

ఆయన సహధర్మచారిణి సరస్వతీ గోరా చిన్నతనంలోనే వివాహమై ఆ ఇంట అడుగుపెట్టారు. గర్భవతి గ్రహణాన్ని చూస్తే పుట్టబోయే బిడ్డకు అంగవైకల్యం కలుగుతుందన్న భయం ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఉన్నది. ఆమె గర్భవతిగా ఉండి గ్రహణ సమయంలో బయటకు వచ్చి తిరిగారు. సభలో వంద ఉపన్యాసాలిచ్చిన దానికంటే ఇరుగుపొరుగు స్త్రీల మీద ఈ ఒక్క పని ఎక్కువగా పనిచేసి ఉంటుంది. వారికి పుట్టిన బిడ్డల పేర్లు సైతం దేవతల పేర్లు కావు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కుమారుడు లవణం.

గ్రామంలో గోరా పని దైవ ఖండనతో ఆగలేదు. అంటరానితనాన్ని పాటించేవారు దానికి దేవుణ్ణీ, కర్మనూ సాకుగా చూపుతున్నారని ఆయన ఆరోపణ. అందుచేత ఆయన కార్యక్రమాలలో ముఖ్యమైనవి సహపంక్తి భోజనాలు, వయోజన విద్య, హరిజనవాడలలో సేవ. ఇదే పని గాంధీజీ దైవభక్తితో చేస్తున్నారు. పని ఒక్కటైనప్పుడు ప్రేరణలు వేరైతే ఏమవుతుందన్న ప్రశ్న ఇద్దరినీ కలిపింది.

1930లోనే గోరా గాంధీజీకి లేఖ వ్రాసి, దేవుడు అనే మాటకు అర్థమేమిటని అడిగారు. మానవ బుద్ధికి అందనిది అన్న భావంతో క్లుప్తంగా జవాబు వచ్చింది. పదునాలుగేళ్ళ తరువాత, 1944 చివరలో, సేవాగ్రామంలో ఇద్దరూ ముఖాముఖి కూర్చున్నారు. దేవుడు లేనివానితో తాను ఏమి మాట్లాడగలనని గాంధీజీ చమత్కారంగా మొదలుపెట్టారు. తాను దేవుడు లేనివాడిని కాననీ, నాస్తికుణ్ణనీ గోరా సమాధానం. తరువాత మాట బెంగాల్ కరవు మీదికి మళ్ళింది. కలకత్తా వీథులలో మిఠాయి దుకాణాల ముందే ఆకలితో ప్రాణాలు విడిచినవారిని గోరా కళ్ళారా చూసి వచ్చారు. వారు అంతా విధి వ్రాత అనుకొన్నారు కనుకనే చేయి చాపి తీసుకోలేకపోయారనీ, దుకాణదారులు కూడా అలాగే అనుకొన్నారు కనుకనే పెట్టలేకపోయారనీ ఆయన వాదించారు. ఈ వాదంలో కొంత తొందర ఉన్నది. ఆకలికి సొమ్మసిల్లినవానికి చేయి చాపే ఓపిక ఎక్కడిది? దైవభక్తి గలవారు గంజి కేంద్రాలు నడిపిన సంగతి కూడా మరువరానిది. అయితే విధి అనే మాట ఎందరి బాధ్యతను చల్లగా దాటవేయగలదో గోరా గుర్తించినంత సూటిగా గుర్తించినవారు తక్కువ. గాంధీజీ ఓపికతో అంతా విన్నారు. తన ఆస్తికత్వమే ఒప్పు అని గాని, గోరా నాస్తికత్వం తప్పు అని గాని తాను చెప్పలేననీ, ఇద్దరమూ సత్యాన్వేషకులమేననీ ఆ చర్చల ముగింపులో అన్నారు. దైవభక్తి గలవారి గుణాన్నే నాస్తికునిలోనూ చూసి మెచ్చుకోవడం ఒకటి, అతని నాస్తికత్వం తప్పని చెప్పలేననడం మరొకటి. లాసాన్ నుంచి సేవాగ్రామానికి గాంధీజీ నడిచిన దూరం అది.

మాట పరీక్షకు నిలవవలసిన సమయం త్వరలోనే వచ్చింది. గోరా తన పెద్ద కుమార్తె మనోరమకు అస్పృశ్యులుగా చూడబడే కులానికి చెందిన అర్జునరావు అనే యువకునితో వివాహం నిశ్చయించారు. ఊరిలో అలజడి ఎంతగా రేగి ఉంటుందో ఊహించుకోవచ్చు. పెళ్ళి సేవాగ్రామంలో తన చేతుల మీదుగా జరిపిస్తానని గాంధీజీ అన్నారు. అయితే రెండేళ్ళు ఆగమన్నారు. ఆ కాలంలో అర్జునరావు ఆశ్రమంలో ఉండి శిక్షణ పొందాడు. ఇక మిగిలినది వివాహ విధి. ఆశ్రమ పద్ధతిలో వధూవరులు భగవంతుని పేర ప్రమాణం చేయాలి. నాస్తికుల ఇంటి పిల్లకు అది ఎలా పొసగుతుంది? గాంధీజీ ఆ చోట ‘సత్యం పేరిట’ అనే మాట ఉంచడానికి అంగీకరించారు.

ఈ అంగీకారం విలువ తెలియాలంటే అది ఎవరి ఆశ్రమమో జ్ఞాపకం ఉంచుకోవాలి. ఉదయ సాయంకాలాలు ప్రార్థనతో గడిచే చోటు అది. రామనామం ఆశ్రమాధిపతికి ఊపిరి. అటువంటి పెద్దమనిషి, తన ప్రాంగణంలో, తన చేతుల మీదుగా జరిగే పెళ్ళిలో, పిల్లల కోసం తన దేవుని పేరు పక్కన పెట్టడానికి సిద్ధపడ్డారు. గోరా కూడా, ప్రమాణం అనేదే మూఢాచారం, వద్దు అనలేదు. ఇద్దరూ నిలబడగల చోటు ఆ ఒక్క మాటలో దొరికింది. జాబాలికి రాముడిచ్చిన సమాధానంలో ఉన్నది ఆ మాటే.

గాంధీజీ ఆ పెళ్ళి చూడలేదు. 1948 జనవరి 30న ఢిల్లీలో ప్రార్థన సభకు నడిచి వెళుతూ హత్యకు గురయ్యారు. బ్రాడ్లా కన్నుమూసినదీ అదే తేదీన కావడం కేవలం యాదృచ్ఛికం. ఆయన ఇచ్చిన మాటను ఆశ్రమవాసులు నిలబెట్టారు. 1948 మార్చి నెలలో సేవాగ్రామంలో మనోరమ, అర్జునరావులు సత్యం పేరిట దంపతులయ్యారు.

మరుసటి సంవత్సరం ఇదే ప్రశ్న దేశమంతటికీ ఎదురైంది. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ పరిషత్తులో పీఠిక చర్చకు వచ్చింది. ‘భగవంతుని పేరిట’ అనే మాటలతో పీఠిక ఆరంభం కావాలని హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించారు. భగవంతుడే ఎందుకు, దేవి పేరిట అనరాదా అని శక్తి ఉపాసకుల పక్షాన అస్సాం సభ్యులు రోహిణీకుమార్ చౌదురి అడిగారు. నమ్మకం విషయంలో ఇది నిర్బంధమవుతుందని పట్టం థాను పిళ్ళై అభ్యంతరం చెప్పారు. భావ, విశ్వాస, ఆరాధనా స్వాతంత్ర్యాలను వాగ్దానం చేస్తున్న పీఠికలోనే ఇటువంటి మాట చేర్చడం దానికి పొసగదని హృదయనాథ్ కుంజ్రూ వాదించారు. భగవంతుని మీద ఓటు వేయవలసిన ఇబ్బంది తమకు కలిగించవద్దని పూర్ణిమా బెనర్జీ కామత్‌ను వేడుకొన్నారు.

తెలుగువారైన ఎం. తిరుమలరావు ఆ రోజు చెప్పిన మాట అన్నింటికంటే సూక్ష్మమైనది. ప్రమాణ వాక్యంలో దేవుణ్ణి ఇదివరకే అంగీకరించామనీ, నమ్మనివారికి అక్కడ వేరొక మార్గం కూడా ఉంచామనీ, పీఠికలో అలా రెండు మార్గాలు ఉంచడం సాధ్యం కాదనీ ఆయన ఎత్తిచూపారు. ప్రమాణం ఒక్కొక్కరి నోట వెలువడేది కనుక ఎవరి మాట వారు ఎంచుకోవచ్చు. పీఠిక ‘మేము’ అని దేశ ప్రజలందరి పక్షాన పలికే వాక్యం. ఆ మేములో గోరా కూడా ఉన్నారు. భారతదేశానికి దేవుడు కావాలో వద్దో ఒక సభ ఓట్లతో తేల్చరాదని కూడా ఆయన అన్నారు. కామత్ పట్టు వీడలేదు. ఓటింగులో సవరణకు అనుకూలంగా 41 మంది, ప్రతికూలంగా 68 మంది నిలిచారు. కామత్ చాలా బాధపడ్డారు. వ్యతిరేకించిన 68 మంది నాస్తికులు కారు. వారిలో నిత్యం పూజ చేసుకొనేవారు ఎందరో ఉండి ఉంటారు. తమ పూజ తమ ఇంటిదనీ, పీఠిక అందరిదనీ వారు తలచారు.

చట్టంలో దారి ఏర్పడినంత మాత్రాన నిత్య జీవితంలో దారి ఏర్పడినట్లు కాదు. ఊరి పండుగకు చందా ఇవ్వనివాణ్ణి, కార్యాలయంలో పూజ జరిగేటప్పుడు దూరంగా నిలబడినవాణ్ణి మనం ఎలా చూస్తామో మనకు తెలుసు. అలాగే, బొట్టు పెట్టుకొన్నవాడు కనబడగానే అతనికి ఆలోచన లేదని తీర్మానించే హేతువాదులూ లేకపోలేదు. వోకింగ్ స్టేషనులో వాదులాడిన మనిషి వంశం అంతరించలేదు.

గోరా కుమారుడు లవణం మహాకవి జాషువ కుమార్తె హేమలతను 1960లో వివాహమాడారు. దంపతులిద్దరూ స్టూవర్టుపురంలో నేర వృత్తిలో చిక్కిన కుటుంబాల మధ్య, జోగినీ ఆచారానికి బలియైన స్త్రీల మధ్య దీర్ఘకాలం పనిచేశారు. లవణం 2015లో మరణించారు. అంతకు ఎంతో ముందు, వినోబా భావే భూదాన యాత్ర తెలుగు జిల్లాలకు వచ్చినప్పుడు, లవణం పాతికేళ్ళ యువకుడు. వినోబా హిందీలో మాట్లాడేవారు. భూమి భగవంతునిదనీ, గాలి, నీరు వలె అది అందరికీ చెందాలనీ ఆయన బోధ. ఉపనిషత్తులు, గీత, సాధుసంతుల వచనాలు ఆ ప్రసంగాలలో అడుగడుగునా దొర్లేవి. పక్కన నిలబడి వాటిని ఊరి జనానికి తెలుగులో చెప్పినవాడు లవణం. నాస్తికుడైన ఆ దుబాసీ నోట దేవుని మాటలు వింటూ రైతులు భూమి లేనివారికి భూమి వ్రాసి ఇచ్చారు.